మూర్ఛను దాచని మా విత్తన గోదాము ఇంద్రమ్మ గారు

1989వ సంవత్సరం జూన్ నెల పన్నెండవ తేదీ, సోమవారం నాడు, మృగశిర కార్తె ప్రవేశించి వారమైనా కాని రోజుల్లో, నారాయణఖేడ్‌లోని మా నల్లరేగడి రైతు సేవా సహకార సంఘంలో గుమాస్తాగా శ్రీమతి ఇంద్రమ్మ గారు తమ ఉద్యోగ జీవితాన్ని ప్రారంభించారు. ముప్పై ఆరు సంవత్సరాలు అవిచ్ఛిన్నంగా సాగిన ఆ సేవాప్రస్థానం 2025 మే ముప్పై ఒకటవ తేదీతో పరిసమాప్తమవుతున్నది. ఈ సందర్భాన సంఘం వెలువరిస్తున్న ప్రత్యేక సంచికలో వారిని గురించి నాలుగు మాటలు రాసే అవకాశం, సంఘం గణకుడినైన బస్వరాజ్ అనే నాకు దక్కడం పూర్వజన్మ సుకృతమని రాయాలని మొదట అనుకున్నాను. కాని అటువంటి వాక్యాలు కంటబడితే ఇంద్రమ్మ గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెడతారు. కళ్ళజోడు బల్లమీదికి దిగిందంటే ఎదుటివాడికి ఆ పూట మూడినట్టేనని మా కార్యాలయంలో అందరికీ అనుభవమే. అందుచేత జరిగినవి జరిగినట్టుగా రాయడానికే ప్రయత్నిస్తాను.

అలా రాయడానికి కూడా ఒక చిక్కు వచ్చిపడింది. ఇంద్రమ్మ గారికి బాల్యం నుంచి మూర్ఛవ్యాధి ఉన్నది. అభినందన సంచికలో, బంధుమిత్రులూ పిల్లలూ చదివే పుస్తకంలో, ఆ జబ్బు పేరు ఎందుకని సంచిక నిర్వాహకులలో కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. 'శారీరక ఇబ్బందులను అధిగమించి' అని రాస్తే గౌరవంగానూ ఉంటుంది, విషయమూ వచ్చినట్టుంటుంది అని సూచించారు. వారి ఉద్దేశం మంచిదే. ఎటూ తేలక నేను గోదాముకు వెళ్ళి ఆమెనే అడిగాను.

"ఏం ఇబ్బందులు? మోకాళ్ళ నొప్పులా?" అన్నారు ఇంద్రమ్మ గారు. "గా పేరు రాయకుంటె నా గురించి రాసుడే వద్దు బస్వరాజ్. ముప్పై ఆరేండ్ల సంది నోటితోని చెప్పుకుంట వస్తున్న. ఇప్పుడు మీరు పుస్తకంల దాస్తరా?"

నిర్వాహకులు ఒప్పుకున్నారు. ఈ వ్యాసంలో ఆ పేరు చాలాసార్లు వస్తుంది.

మనూర్ ప్రాంతంలోని ఒక మెట్ట వ్యవసాయ కుటుంబంలో జన్మించిన ఇంద్రమ్మ గారికి, బడికి వెళ్ళే వయసులో తొలిసారి మూర్ఛ వచ్చింది. గాలి సోకిందని కొందరు, గట్టు దాటరాని వేళ దాటిందని కొందరు, ఎవరికి తోచిన కారణం వారు చెప్పారు. ముక్కు దగ్గర ఉల్లిగడ్డ నలిపారు, చేతిలో కొడవలి పెట్టారు, మెడనిండా తాయెత్తులు కట్టారు. నుదుట వాత పెడితే తిరిగి రాదని చెప్పిన ఒక పెద్దమనిషిని మాత్రం ఆమె తండ్రిగారు ఇంటినుంచి సాగనంపి, మరునాడే కూతురిని బస్సెక్కించి బీదర్‌లో ఒక డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళారు. ఇది దయ్యమూ కాదు, పిచ్చీ కాదు, మెదడులో క్షణకాలం పాటు పుట్టే విద్యుత్తు అలజడి అని, రోజూ మాత్ర వేసుకుంటే పదిమందిలో ఏడుగురు దాదాపు అందరిలాగే బతుకుతారని ఆ డాక్టరు గారు కన్నడం కలిసిన తెలుగులో వివరించారట. ఆ ఒక్క ప్రయాణం వల్లనే ఆమె చదువు ఆగలేదు, డిగ్రీ వరకూ సాగింది.

ఉద్యోగంలో చేరే రోజున ఆ తండ్రిగారే, కార్యాలయంలో మాత్రం జబ్బు మాట ఎత్తవద్దని కూతురికి చెప్పి పంపారు. లోకాన్ని చూసినవారు కనుక అలా చెప్పారు. ఇంద్రమ్మ గారు వారి మాట వినలేదు. హాజరుపట్టీలో సంతకం చేయబోయే ముందు కలం పక్కన పెట్టి, నాటి కార్యదర్శి గారితో ఇలా అన్నారు:

"సార్, నాకు ఫిట్స్ వస్తయి. ఎప్పుడో ఒక్కపారి వస్తది, దానంతట అదే పోతది. మిగిలిన దినాలు అందరి లెక్కనే పనిజేస్త. ముందుగాల చెప్తున్న. తర్వాత ఎందుకు చెప్పలేదని అడగొద్దు."

కార్యదర్శి గారు చాలాసేపు ఫ్యాను వైపు చూసి, డాక్టరు రాసిచ్చిన కాగితం తెమ్మన్నారు. కాగితం చూసి సంతకం చేయమన్నారు. నేడు కీర్తిశేషులైన ఆ పెద్దమనిషికి మా సంఘం ఎన్నటికీ ఋణపడి ఉంటుంది.

ఆ పెద్దమనిషికి సంబంధించిన ఒక ముచ్చట ఇక్కడ చెప్పకుండా ముందుకు పోలేను. నేను చేరకముందు జరిగినది, కాని ఎన్ని నోళ్ళ విన్నానంటే కళ్ళతో చూసినట్టే ఉంటుంది. మా గోదాముకు రెండు తాళాలు. ఒకదాని తాళంచెవి కార్యదర్శి వద్ద, రెండవదాని తాళంచెవి గోదాము బాధ్యుని వద్ద ఉండాలని, రెండూ ఏ ఒక్కరి చేతిలోనూ ఉండరాదని సంఘం పుట్టిననాటి నుంచి నియమం. మూర్ఛ వచ్చినవారి చేతిలో ఇనుము పెడితే తగ్గుతుందన్నది మా ప్రాంతంలో ఉగ్గుపాలతో వచ్చే నమ్మకం. 1990 వేసవిలో, సరుకు లెక్క చూస్తుండగా ఇంద్రమ్మ గారికి కార్యాలయంలో మొదటిసారి మూర్ఛ వచ్చింది. ఇనుము కోసం అందరూ జేబులు తడుముకున్నారు. కార్యదర్శి గారు తమ తాళంచెవిని, గోదాము బాధ్యుడు తనదాన్ని తెచ్చి ఆమె పిడికిట్లో పెట్టి గట్టిగా మూశారు. కాసేపట్లో కదలికలు ఆగాయి. కొంతసేపు అయోమయంగా చూసి, కొంతసేపు కునికి, పూర్తిగా తేరుకున్నాక ఆమె పిడికిలి విప్పి చూసుకున్నారు.

"రెండు చాబీలు నా ఒక్కదాని చేతిల పెట్టిండ్రేంది సార్? గోదాముల ఒక్క సంచి తక్కువొస్తె జిమ్మేదార్ ఎవరు?"

చాబీలు పెట్టాకనే కదా తగ్గింది అని కార్యదర్శి గారు తమను తాము సమర్థించుకున్నారు. మూర్ఛ చాలావరకు రెండు మూడు నిమిషాలలో దానంతట అదే తగ్గుతుందని, మా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదని ముసలవ్వ అనుకున్నట్టుంది మీ చాబీల సంగతి అని ఆమె జవాబిచ్చారు. పై అధికారితో అలా మాట్లాడవచ్చునా అంటే, మాట్లాడకూడదు. ఇంద్రమ్మ గారు మాట్లాడతారు.

ఆ రోజు నుంచే మా సంఘంలో ఒక ఆచారం మొదలైంది. కొత్తగా ఎవరు ఉద్యోగంలో చేరినా, బల్ల చూపించకముందే ఇంద్రమ్మ గారు వారిని గోదాములోకి తీసుకువెళతారు. ఒకరిని గోనెసంచుల మీద పడుకోబెట్టి, ఆ పడుకున్నది తానే అనుకోమని, ఏం చేయాలో చేసి చూపించమంటారు. 1992లో నేను చేరినప్పుడు నన్నే పడుకోబెట్టారు. కొత్త చొక్కా నిండా కంది పొట్టు అంటుకుంది. ఆమె చెప్పిన పాఠం నాకు నేటికీ కంఠోపాఠమే:

"నేను పడితె పరేషాన్ గావద్దు. కాళ్ళు చేతులు గట్టిగ పట్టి ఆపొద్దు. పక్కపొంటి బల్ల, రాయి ఉంటె జరుపుండ్రి. తలకింద సంచి మడతపెట్టి పెట్టుండ్రి. ఆగినంక ఒక పక్కకు ఒరిగియ్యుండ్రి, నోట్ల నురగ బయటికి పోవాలె. నోట్ల చెంచా వద్దు, గుడ్డ వద్దు, తెలివి వచ్చేదాంక నీళ్ళు గూడ వద్దు. నాలుక మింగుడు అనేది ఏం ఉండది. గడియారం చూడుండ్రి. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి పోంగనే ఇంకోటి వచ్చినా, జల్దీ దవాఖానకు తీస్కపోండ్రి. లేకుంటె నా పక్కపొంటి కూసోండ్రి, చాలు. చెప్పులు, ఉల్లిగడ్డలు, చాబీలు ఎవరివి వాళ్ళ దగ్గరనే ఉండనియ్యుండ్రి."

ఈ పాఠంలో ఒక్క తప్పు చేసినా మళ్ళీ మొదటినుంచి చేయించేవారు. ఈ తర్ఫీదు వల్ల మాలో కొందరి నడుములు పట్టేసిన మాట వాస్తవమే గాని, ఇంద్రమ్మ గారికి మూర్ఛ వస్తుందేమోనన్న భయం మా అందరి మనసుల నుంచి తొలగిపోయిన మాట అంతకన్న వాస్తవం.

వారి వివాహ ప్రస్తావన వారి అనుమతితోనే చేస్తున్నాను. మొదట కుదిరిన సంబంధం, జబ్బు సంగతి ఆమె స్వయంగా చెప్పడంతో తప్పిపోయింది. ఇంట్లో అందరూ ఆమెనే తప్పుపట్టారు. పెళ్ళయితే తగ్గుతుంది, ముందుగా చెప్పడమెందుకు అన్నారు. పెళ్ళితో తగ్గే జబ్బు ఇది కాదని ఆమెకు తెలుసు. రెండవసారి చూడవచ్చిన కల్హేర్ వాస్తవ్యులు శ్రీ మొగులప్ప గారికి కూడా అంతే నిక్కచ్చిగా చెప్పారు. మితభాషి అయిన మొగులప్ప గారు, "నువ్వు చెప్పకుంట జేసుకుంటె మోసమైతుండె. చెప్పినంక ఇగ ముచ్చటేముంది?" అన్నారట. మూర్ఛ ఉన్న స్త్రీకి సంతానం కలగరాదని, కలిగినా బిడ్డకు అదే వస్తుందని ఊరంతా బెదిరించినా, ఆ దంపతులు డాక్టరును ముందుగా సంప్రదించి, మాత్రలు మార్పించుకొని, ఆరోగ్యవంతుడైన కుమారుణ్ణి కన్నారు. ఆ చిరంజీవి ధర్మేందర్ నేడు తన పిల్లలను ఎత్తుకొని వీడ్కోలు సభలో మొదటి వరుసలో కూర్చోబోతున్నాడు.

1996లో ఇంద్రమ్మ గారు విత్తన గోదాము బాధ్యతలు స్వీకరించారు. ఒక వానాకాలమంతా మనూర్, కల్హేర్, సిర్గాపూర్ రైతుల ఆశలన్నీ ఆ గోదాములోనే ఉంటాయి. కంది, పెసర, మినుము, జొన్న, తర్వాతి కాలంలో సోయా, ఏ సంచి ఎప్పుడు వచ్చిందో, ఏ రకానికి మొలక పరీక్షకు పరిచిన తడి గోనెపట్టాలో ఎన్ని మొలకలు వచ్చాయో ఆమె నాలుక చివర ఉండేది. తమ జబ్బు విధించిన హద్దులను మాత్రం ఆమె ఏనాడూ దాటలేదు. సంచుల దొంతర ఎక్కేవారు కారు, బండి నడిపేవారు కారు, ఒంటరిగా బావి గట్టున నిలబడేవారు కారు. నిద్ర చెడితే మూర్ఛ వస్తుందని, ఎంతటి సీజనులోనైనా దీపాలు పెట్టే వేళకు తూకపు కాంటా మూసేవారు. ఆమె పుణ్యమా అని మేమూ వేళకు ఇల్లు చేరి పిల్లల ముఖాలు చూడగలిగాం. మా గృహిణులందరి తరఫున ఈ విషయంలో ప్రత్యేక కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

ఇక 2003వ సంవత్సరం. అంతకు ముందు మూడేళ్ళుగా మూర్ఛ రాలేదు. జబ్బు పోయిందని ఆమె నమ్మారు. అందరికీ పాఠం చెప్పే మనిషి, డాక్టరును అడగకుండా, మొగులప్ప గారికి కూడా చెప్పకుండా, ఉగాది నుంచి మాత్రలు మానేశారు. మృగశిర కార్తె మొదటి వాన పడింది. మరునాడు తెల్లవారేసరికి గోదాము ముందు రైతుల వరుస బస్టాండు దాకా పెరిగింది. కాంటా వద్ద కంది తూస్తున్న ఇంద్రమ్మ గారు, చేయి ఇంకా గింజల్లో ఉండగానే, ఆ కుప్ప మీదనే పడిపోయారు. మా వంతు పని మేము పొల్లుపోకుండా చేశాం. పక్కకు ఒరిగించాం, గడియారం చూశాం, ఎవరి చాబీలు వారి దగ్గరే ఉంచుకున్నాం. రెండు నిమిషాలకు ఆగింది. అంతవరకూ బాగానే ఉన్నది. కాని ఆ దృశ్యాన్ని వరుసలోని అందరూ చూశారు.

మాట మనూర్ బస్సు ఎక్కినప్పుడు 'గోదాములో ఒకామెకు ఫిట్స్ వచ్చింది' అన్నంత వరకే ఉన్నది. బస్సు దిగేటప్పటికి 'నురగ పడిన విత్తనం మొలవదు' అయింది. సాయంత్రానికి కల్హేర్ చేరి, మొలిచినా కాయ పట్టదని, ఆ పప్పు తిన్న ఇంట్లో అందరికీ ఫిట్స్ వస్తాయని పెరిగింది. మరునాడు ఉదయం, తీసుకుపోయిన సంచులను రైతులు నెత్తిన పెట్టుకొని వాపసు తెచ్చారు. వారిని నిందించలేను. ఒక్క వానను నమ్ముకొని ఏడాది తిండిని నేలలో పోసేవాడు దేనికైనా భయపడతాడు. నేల తడి ఆరిపోతున్నది, విత్తనం గోదాములో ఉన్నది, తీసుకునే చేయి లేదు.

నాటి సంఘం అధ్యక్షులు శ్రీ జగన్నాథ్ గారు సౌమ్యులు, ఎవరినీ నొప్పించని మనిషి. ఇంద్రమ్మ గారిని పిలిచి మెల్లగా చెప్పారు. "ఇంద్రమ్మా, నువ్వు నాలుగు దినాలు ఇంటికాడ ఉండు. బీపీ ఎక్కువై కిందపడ్డదని రైతులకు నేను జెప్త. కాంటా కాడ వేరేటోళ్ళను పెడ్త. మల్ల చూద్దాం." ఆ 'మల్ల' ఎన్నటికీ రాదని గదిలో ఉన్న మా అందరికీ తెలుసు. జబ్బు పేరు దాచుకుంటే ఉద్యోగం మిగులుతుంది, గోదాము పోతుంది. పేరు చెబితే రెండూ పోవచ్చును.

నాకొక ఉపాయం తోచి, ఉత్సాహంగా చెప్పాను. రెండు తడి గోనెపట్టాలు పరుద్దాం, ఒకదానిలో ఆమె చేత్తో గింజలు పెడదాం, ఇంకొకదానిలో నా చేత్తో పెడదాం, మొలకలు చూపిస్తే రైతులు నమ్ముతారు అన్నాను. ఇంద్రమ్మ గారి కళ్ళజోడు బల్లమీదికి వచ్చింది.

"విత్తనానికి పరీక్ష పెట్టు, వద్దంటలేను. ఏటేటా పెడుతనే ఉన్నం. నా చేతికి పరీక్ష ఏంది బస్వరాజ్? రేపు నా పట్టాల నాలుగు గింజలు తక్కువ మొలిస్తె నాకు శాపమున్నట్టేనా?"

ఆమె లేచి, నిన్నటి నీరసంతో ఒకసారి గోడ పట్టుకొని నిలదొక్కుకొని, నేరుగా గేటు దగ్గరకు నడిచారు. అక్కడ గుమిగూడిన రైతులతో మాట్లాడారు. గొంతు మామూలుగానే ఉన్నది.

"నాది బీపీ గాదు, మూర్ఛ. మీరు మిర్గీ అంటరు, ఫిట్స్ అంటరు, అదే. చిన్నప్పటి సంది ఉంది. అంటుకునే రోగం గాదు. దయ్యం గాదు. మాత్రలు నాకు నేనే బంద్ జేసిన, గందుకే వచ్చింది. అది నా తప్పు, విత్తనం తప్పు గాదు. కావాలంటె తీస్కోండ్రి. నమ్మకం లేకుంటె జహీరాబాద్ పోయి కొనుక్కోండ్రి, మీ ఇష్టం. నేనైతె కాంటా ఇడిసిపెట్టి పోను."

వెనక్కు తెచ్చిన సంచులు నేలమీద అలాగే ఉన్నాయి. అప్పుడు వరుస మధ్యలోంచి సిర్గాపూర్ రైతు శంకరమ్మ గారు ముందుకు వచ్చారు. సొంత భూమిని సొంతంగా సేద్యం చేసే మనిషి, ఆ చుట్టుపక్కల ఆమె మాటకు విలువ ఉన్నది. వాపసు తెచ్చిన తన సంచిని ఆమె మళ్ళీ నెత్తికెత్తుకున్నారు.

"నా బిడ్డ భాగ్యకు గూడ మిర్గీ ఉంది," అన్నారు శంకరమ్మ గారు, ఎవరి వైపూ చూడకుండా. "ఆరేండ్ల సంది దాస్తున్న. తలుపు పెట్టి దాస్తున్న. మా ఇంట్ల అన్నం వండేది అదే. మేమందరం తింటనే ఉన్నం, ఎవ్వరికి ఏం గాలె. నేను ఈ విత్తనమే పెడ్త." ఆ తర్వాత ఇంద్రమ్మ గారి దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి, "నువ్వు పోయే దవాఖాన ఏడుంది అక్కా?" అని అడిగారు.

అందరూ ఆ పూటే మారిపోయారని రాస్తే అబద్ధమవుతుంది. కొందరు సంచులు ఎత్తుకున్నారు, కొందరు జహీరాబాద్ వెళ్ళారు. ఆ ఏడు కంది ఎప్పటిలాగే మొలిచింది. పదును చాలని నేలలో పెట్టినవారికి మొలక పలచగా వచ్చింది, దానికీ ఆమెనే అన్నవారు లేకపోలేదు. జగన్నాథ్ గారు మాత్రం ఆ రోజు తర్వాత బీపీ మాట ఎన్నడూ ఎత్తలేదు. గోదాము ఇంద్రమ్మ గారి వద్దనే ఉండిపోయింది. ఆమె మళ్ళీ డాక్టరు వద్దకు వెళ్ళి, తిట్లు తిని, మాత్రలు మొదలుపెట్టారు. ఆ ప్రయాణంలో పక్క సీటులో భాగ్య ఉన్నది. నేడు భాగ్య సిర్గాపూర్‌లో కుట్టుపని చేసుకుంటూ, ఇద్దరు బిడ్డల తల్లిగా, మాత్ర మరువకుండా హాయిగా ఉన్నది.

కాలం చేసే చిత్రాలలో ఒకటి కూడా ఇక్కడ చెప్పాలి. పదేళ్ళు తిరిగేసరికి, ఇంద్రమ్మ చేయి మంచిదని, మొదటి సంచి ఆమె చేత్తోనే తీసుకుంటామని రైతులు పట్టుబట్టడం మొదలైంది. మేమంతా మురిసిపోయాం. ఆమె మాత్రం నాడు ఎంత కోప్పడ్డారో ఇప్పుడూ అంతే కోప్పడ్డారు. "చేతిల ఏముందయ్యా? సంచి మీద తారీఖు చూసుకో, పోయి నేల పదును చూసుకో!" అని కసిరి పంపేవారు. తిట్టినా, ఆ రైతులు మరుసటి ఏడు మళ్ళీ ఆమె వరుసలోనే నిలబడేవారు.

2011లో సహాయ కార్యదర్శిగా పదోన్నతి పొందిన తర్వాత కూడా వానాకాలం వస్తే ఆమె స్థానం కాంటా దగ్గరే. కరోనా కాలంలో బస్సులు ఆగి, బీదర్ దారి మూతపడినప్పుడు, ఈ ప్రాంతంలో మూర్ఛ ఉన్నవారందరికీ ఆమె స్వయంగా ఫోన్ చేసి, ఎవరి వద్ద ఎన్ని మాత్రలు మిగిలాయో కనుక్కొని, మా ప్రభుత్వ దవాఖాన డాక్టరు గారిని బతిమాలి తెప్పించారు. "ఒక్క పూట గూడ తప్పొద్దు, నేను తప్పి చూసిన," అని ప్రతి ఒక్కరికీ చెప్పడం నేను పక్క బల్ల నుంచి విన్నాను. భాగ్య తర్వాత ఇన్నేళ్ళలో దాపరికం వదిలి ఆమెను వెతుక్కుంటూ వచ్చినవారు ఇంతమంది ఉన్నారా అని నాకు అప్పుడే తెలిసింది.

ఇంతవరకు సంఘం తరఫున రాశాను. ఇకపై నాలుగు మాటలు నా ఇంటి తరఫున.

గత సంవత్సరం దీపావళి తర్వాత, మా బంధువుల ఇంట్లో పసిబిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల వేడుక జరిగింది. ఇల్లు కిక్కిరిసి ఉన్నది. నాలుగవ తరగతి చదివే మా మనుమరాలు శివాని, పాట పాడుతున్నదల్లా పాట ఆపి కింద పడిపోయింది. ఒకరు తాళాల గుత్తి కోసం పరుగెత్తారు, ఒకరు ఉల్లిగడ్డ కోశారు, ఒకరు చెంచా తెచ్చారు. నాకు భయం వేయలేదని చెప్పను. కాని చేతులు ముప్పై ఏళ్ళు గోనెసంచుల మీద నేర్చినవి. అందరినీ పక్కకు జరిపాను, తలకింద కండువా పెట్టాను, ఒక పక్కకు ఒరిగించాను, గోడమీది గడియారం చూశాను. పిల్ల కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టేదాకా పక్కనే కూర్చున్నాను. మరునాడు డాక్టరు పరీక్షలు చేయించి మూర్ఛ అని చెప్పారు. మాత్రలు మొదలయ్యాయి. పిల్ల బడికి పోతున్నది, ఆడుతున్నది, లెక్కల్లో ఎప్పటిలాగే తక్కువ మార్కులు తెచ్చుకుంటున్నది.

కాని ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక్కటే చర్చ. ఆడపిల్ల, బయట చెప్పకండి, బీపీ తగ్గి పడిపోయిందని చెప్పండి అని చుట్టాలందరూ ఒక్క మాటగా చెప్పారు. నా కోడలు వినోద పిల్లను ఇరుగుపొరుగు ఇళ్ళకు పంపడం మానేసింది. ఆరు నెలలు దాటినా ఎవరమూ ఎటూ తేల్చలేదు. ఈ వ్యాసం రాస్తూ ఉండగా శివాని నా పక్కన చేరి ఏం రాస్తున్నావని అడిగింది. గేటు దగ్గర ఇంద్రమ్మ గారు మాట్లాడిన భాగం చదివి వినిపించాను.

"గా అమ్మమ్మకు నా లెక్కనే వస్తదా తాతా?" అని అడిగింది.

"నీ లెక్కనే బిడ్డా."

"మరి ఆమె పేరు రాసినవ్ గద. నాది గూడ రాయి."

నేను కోడలి వైపు చూశాను. వినోద పిల్ల జడ సవరిస్తూ, "రాయుండ్రి మామా," అన్నది.

కనుక, ఈ సంచిక చదివే బంధువులకు, మిత్రులకు, ఊరివారికి తెలియజేయునది. మా మనుమరాలు శివానికి మూర్ఛవ్యాధి ఉన్నది. మాత్రలు వేసుకుంటున్నది. మీ ఇళ్ళకు ఆడుకోవడానికి వస్తుంది. మీ సమక్షంలో మూర్ఛ వస్తే ఏం చేయాలో ఈ వ్యాసంలోనే పైన రాసి ఉన్నది.

ఇంద్రమ్మ గారూ, మీకు ఎంతగా ఋణపడి ఉన్నామో మా వినోద ముఖం చూసి మీరే తెలుసుకోగలరు. విరమణ అనంతర జీవితంలో మొగులప్ప గారితోనూ, మనుమలతోనూ, వేళకు నిద్ర, వేళకు మాత్ర, వేళకు చాయ్‌తో మీరు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలి. ఇటువంటి వ్యాసాల చివర నూరేళ్ళు జీవించాలని రాయడం వాడుక. కాని శివాని పెరిగి, చదివి, ఎక్కడో ఒక కార్యాలయంలో మొదటి రోజునే తన జబ్బు పేరు చెప్పి, నిండుగా కొలువు చేసి, పదవీ విరమణ పొందే నాడు, ఆ సంచికలో ఆమె గురించి అభినందన రాయవలసినది మీరే. లెక్క చూసుకున్నాను, నూరేళ్ళు చాలవు. మరో పదో పన్నెండో కలుపుకొని ఉండండి.